గేటు దగ్గర ఆగిన ఎర్ర కారు

మా ఆయన జగన్నాథరావుకు రేపల్లె పక్కన వరి, మొక్కజొన్న సేద్యం. పొలానికి మోపెడ్ మీదే వెళతాడు. ఇంట్లో మాత్రం ఒక ఎర్ర కారు మహారాణిలా ఉంటుంది. చీరాలలో ఎవరో షోకిల్లా రాయుడి దగ్గర కొన్న పాత టర్బో కారది. కొన్నది చాలక, ఇంకా జోరుగా పోవాలని ఇంజనుకు ట్యూనింగ్ కూడా చేయించాడు. తీరా చూస్తే వాన పడితే బురదనీ, ఎండ కాస్తే దుమ్మనీ దాన్ని బయటకే తీయడు. పొద్దున్నే కవరెత్తి చూసుకోవడం, మళ్లీ కప్పడం. నాకు జ్వరమొస్తే దుప్పటైనా అంత శ్రద్ధగా కప్పలేదు మహానుభావుడు!

పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారని ఊరంతా గొణుగుతుంటే ఈయన పొంగిపోయేవాడు. "అది మన మొక్కజొన్నతో చేసిందేనే కావేరీ! టర్బో బండికి ఇంకా బలం" అని అరుగు మీద లెక్చర్లు. ట్యూనింగ్ చేసిన మెకానిక్ నా ఎదుటే చెప్పాడు. "ఈ పెట్రోలు తేమ లాగుద్దండి. నెలల తరబడి నిలవుంచితే అడుగున నీళ్లు దిగుతాయి. బండి తిప్పుతా ఉండండి సార్." ఈయన సరేలేవయ్యా అన్నాడు. వానాకాలమంతా కారు కదల్లేదు.

కార్తీకంలో ఒకరోజు పక్కింటి పున్నమ్మత్తకు తెనాలి నుంచి ఫోనొచ్చింది. ఆవిడ ఎత్తుకుని పెంచిన తమ్ముడు పోయాడు. నువ్వొచ్చేదాకా చూస్తాం గానీ మధ్యాహ్నం దాటితే ఆపలేం అన్నారట. ముసలమ్మ కళ్లు తుడుచుకుంటూ, సంచి పట్టుకుని రైలుకు బయల్దేరింది. మా ఆయన వీధిలోనే ఆపేశాడు.

"ఆ రైలెక్కితే ఎప్పటికి చేరతావు? నేనున్నాగా అత్తా! రైలు కంటే ముందు దించకపోతే అడుగు."

"నీకెందుకు నాయనా శ్రమ? వాడి మొహం ఒక్కసారి చూస్తే చాలు నాకు. రైలుందిగా."

"ఎక్కత్తా, ఎక్కు!"

కవరు ఎంతో జాగ్రత్తగా మడిచి అరుగు మీద పెట్టాడు. నేను వెనక అత్త పక్కన కూర్చున్నాను. కారు కాస్త మొరాయించినా కదిలింది. భట్టిప్రోలు దాటాక దగ్గడం మొదలుపెట్టి, రైలు గేటు ముందు ఆగిపోయింది. ఆయన తాళం తిప్పుతూనే ఉన్నాడు. ఇంతలో వెనక నుంచి తెనాలి బస్సు వచ్చింది. పున్నమ్మత్త తలుపు మీద చెయ్యి వేసింది.

"రెండు నిమిషాలత్తా, స్టార్టవుద్ది" అన్నాడు. ఆయన మాట తీసేయలేక ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

బస్సు వెళ్లిపోయింది. తర్వాత గేటు పడింది. రైలొచ్చింది. ఆవిడ ఎక్కాల్సిన రైలే అది. ఆఖరి పెట్టె దాటిపోయేదాకా కిటికీలోంచి అలాగే చూసింది పిచ్చితల్లి. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇంకా ఆ తాళం పట్టుకుని వేలాడతారేంటండీ! దిగి ఏదో ఒకటి ఆపండి!"

అప్పుడు దిగాడు. ఎంతోసేపటికి ఆటో దొరికింది. ఆటోలోంచి మెకానిక్‌కు ఫోన్ చేస్తే, ట్యాంకులో నీళ్లు దిగుంటాయి, చెప్పాను కదండీ అన్నాడు.

తెనాలి చేరేసరికి ఇల్లు కడుగుతున్నారు. శ్మశానం నుంచి వచ్చిన మగవాళ్లు తడి బట్టలతో వాకిట్లో నిలబడి ఉన్నారు. పున్నమ్మత్త గుమ్మం దగ్గరే కూలబడింది.

"ఇంతసేపేంటి అత్తా? నీకోసం ఎంత చూశామో!" అని తమ్ముడి కూతురు ఏడ్చింది.

"రైలు తప్పిపోయిందమ్మా" అంది అత్త.

ఆయన వంక వేలెత్తి చూపలేదు, కారు మాటే ఎత్తలేదు. ఆవిడ తిట్టినా బాగుండేది. నాకే సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన చెప్పుల దగ్గర నిలబడిపోయాడు, లోపలికి రమ్మన్నా రాలేదు.

సాయంత్రం ముగ్గురం రైల్లోనే తిరిగొచ్చాం. దారిలో వాన పట్టుకుంది. గేటు దాటుతుంటే రోడ్డు పక్కన ఎర్ర కారు ఒక్కటే కనబడింది. మా ఆయన చప్పున మొహం తిప్పుకున్నాడు. పున్నమ్మత్త ఆయన భుజం తట్టింది.

"అయ్యో, నీ కారు తడిసిపోతందే! కవరు కప్పి రాలేదా నాయనా?"

ఆయన తువ్వాలులో మొహం దాచుకున్నాడు. రేపల్లె వచ్చేదాకా తీయలేదు.