మాత్రకి పెట్టిన ముద్ద

అరసవల్లి నుంచి టెలిగ్రాం వచ్చేసరికి నేను పెరట్లో బియ్యం చెరుగుతున్నాను. మా ఇంటాయన దుకాణంలోంచి ఆ కాగితం తెచ్చి, చదవమని నా చేతిలో పెట్టారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. అక్క పోయిందని, వెంటనే బయలుదేరమని అందులో ఉంది. ఆయనకు నేనే చదివి చెప్పాను. ఆయన వంటింటి గుమ్మం మీదే కూలబడిపోయారు. పోయినావిడ ఆయనకు అక్క, నాకు వదిన. ఆదివారం సూర్యనారాయణమూర్తి దర్శనానికని వెళ్ళి, అక్కడ మా బంధువుల ఇంట్లో నిద్రలోనే పోయారు.

చీపురుపల్లిలో మాది బెల్లం వ్యాపారం. ముందు దుకాణం, వెనక ఇల్లు. చిన్న వయసులోనే భర్త పోయి, పిల్లలు లేక, వదిన పుట్టింటికి వచ్చేశారు. నేను కాపరానికి వచ్చేనాటికే ఆవిడది ఒక్కపొద్దు. మధ్యాహ్నం తడిబట్టతో వండుకుని, వంటింటి మూల గోడవైపు తిరిగి ఒక్కరే తినేవారు. రాత్రికి ఒక అరటిపండు, గ్లాసుడు మజ్జిగ. పండక్కి చీరె కొందామన్నా, జ్వరమొచ్చి మందు తెప్పిద్దామన్నా, "నాకేటి కావాలే, ఉన్నదాన్తో అయిపోతాది" అనేవారు. నేను ఇంట్లో అందరి మీదా గట్టిగా మాట్లాడే మనిషిని. ఆవిడ దగ్గర మాత్రం ఆ మాటతో నా నోరు మూతపడిపోయేది.

ఏడెనిమిదేళ్ళ కిందట ఆవిడకు చక్కెర జబ్బు అన్నారు. బెల్లం కొట్లో పుట్టినదానికి ఇంకేం జబ్బు వస్తుందని ఆవిడే నవ్వారు. మా ఊరి డాక్టరు రోజుకో మాత్ర ఇచ్చి, అరటిపండు మానిపించారు. రాత్రికి ఇక మజ్జిగ ఒక్కటే మిగిలింది. కొన్నేళ్ళు అలా జరిగింది. కిందటేడు కాలి బొటనవేలి మీద పుండు లేచి ఎంతకీ మానలేదు. విజయనగరంలో ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాం. ఆవిడ పాత మాత్ర ఇక చాలదని కొత్త రకం మాత్ర రాశారు. "రెండు పూటలా భోజనానికి ముందు ఒక్కొక్కటి" అని చెప్పారు. వదిన బుద్ధిగా తల ఊపారు.

ఆ వారంలోనే మొదలైంది. దీపాలు పెట్టే వేళకు ఒళ్ళంతా చెమటలు, చేతుల్లో వణుకు. తులసికోట దగ్గరికి వెళ్ళినావిడ ఎందుకు వచ్చారో తెలియక నిలబడిపోయేవారు. కొత్త మందు వేడి చేసిందనుకున్నాం. వేడి చేస్తే ఎవరైనా చేసేదే మేమూ చేశాం. తలకు ఆముదం పెట్టాం, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ ఇచ్చాం. తగ్గలేదు సరికదా, ఒక సాయంకాలం నూతి చప్టా మీద పడిపోయారు. పక్కింటి పిన్ని పరుగెత్తుకు వచ్చి, "ఆ మాత్ర నీకు పడలేదమ్మా, అవతల పారెయ్యి" అంది. వదిన నిజంగానే మానేశారు. మానేసిన కొద్ది రోజులకు వణుకు పోయింది కానీ, పుండు పాదం మీదికి పాకింది.

మళ్ళీ విజయనగరానికి పాసింజరు రైలు ఎక్కాం. డాక్టరమ్మ పుండు చూసి, మాత్రలు వేసుకోవడం లేదా అని కోప్పడ్డారు. వణుకు సంగతి నేను చెప్పాను. ఆవిడ వదిన వైపు తిరిగారు.

"మాత్రలు ఎప్పుడెప్పుడు వేసుకున్నారమ్మా?"

"నువ్వు సెప్పినట్టే. బోజనానికి ముందు. రెండూ."

"రెండూ ఒక్కసారేనా? రాత్రి భోజనానికి ముందు కదా రెండోది!"

"రాత్రి నాకు బోజనమేటి తల్లీ? ఉన్నది ఒక్క బోజనం. దానికి ముందే రెండూ వేసీసేను."

డాక్టరమ్మ పెన్ను బల్ల మీద పెట్టేశారు. మందుల దోషం కాదిది, ఆ రెండు మాత్రలకూ సరిపడా తిండి లేక ఒంట్లో చక్కెర పడిపోయి వణుకు వస్తోందని నాకు విడమరచి చెప్పారు. వణుకు వస్తే మజ్జిగ కాదు, బెల్లమో పంచదారో వెంటనే నోట్లో వేయాలన్నారు. ఇకనుంచి మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి, రెండుసార్లూ కడుపుకు అన్నం ఉండాలన్నారు. అది కుదరకపోతే ఆసుపత్రిలో చేరి ఇంజక్షన్లు చేయించుకోవాలి, అదీ కుదరకపోతే పాదం దక్కదని చెప్పారు.

"రేత్రి అన్నం నేను తిన్ను," అన్నారు వదిన. "ఆయన పోయిన్నాడు ఒదిలీసేను."

ఇంటికి వచ్చాక నేను అత్తెసరు పెట్టి దించి, ఆవిడ ముందు కంచం పెట్టాను. మాత్ర, మంచినీళ్ళు పక్కన పెట్టాను.

"వదినా, పాదం పోతే అరసవల్లి ఎలా వెళ్తారు?"

"మోసుకెళ్ళడానికి నువ్వున్నావు కదే."

"నేను మొయ్యను. తినండి."

ఆవిడ కంచం దగ్గరికి లాక్కున్నారు. తరువాత మాత్ర వేలికొసన పట్టుకుని, దానితోనే మాట్లాడుతున్నట్టు, "ఇది నాకు కాదు. నీకే పెడతన్నాను. ఇన్నావా?" అని మింగి, ఒక ముద్ద కలిపారు. నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయారు. "ఒసే మరదలా, సిగ్గుగా ఉన్నాదే. నువ్వూ కూకో. ఒక్కదాన్నీ తిన్లేను."

మా ఇంట్లో మగవాళ్ళు దుకాణం కట్టేసి వచ్చి తిన్నాకే ఆడవాళ్ళు తింటాం. అందరూ లేచాక వంటింట్లో మిగిలింది వేసుకుని నేను తినడం కాపరానికి వచ్చినప్పటి నుంచీ అలవాటు. ఆ రోజు కంచం పెట్టుకుని ఆవిడ పక్కన కూర్చున్నాను. సగంలో ఉండగా మా ఇంటాయన లోపలికి వచ్చి బిత్తరపోయారు.

"ఇదేటి, ఆడోళ్ళు ముందే తినీస్తన్నారా?"

"మేం కాదురా," అన్నారు వదిన తల ఎత్తకుండా. "నా మాత్ర తింటన్నాది. దానికి నా మరదలు తోడు కూకున్నాది. నువ్వెళ్ళి తూకాలు సూసుకో."

ఆయన నవ్వాపుకుంటూ వెళ్ళిపోయారు. మేమిద్దరం పైకే నవ్వేశాం.

మొదట్లో రాత్రి అన్నం ఆవిడకు పడలేదు. కడుపుబ్బరం, వికారం. డాక్టరమ్మ కొన్నాళ్ళు సగం మాత్ర చేసి, మెల్లగా పెంచారు. వణుకొస్తే వేసుకోవడానికి చీరె కొంగున బెల్లం ముక్క ముడి వేసుకునేవారు. పడుకున్నచోటికల్లా చీమలు బారు కట్టేవి. "నా కోసం యముడు రాడే. ఈ సీమలే మోసుకెళ్ళిపోతాయి" అనేవారు. పుండు మానడానికి చాలాకాలం పట్టింది కానీ మానింది.

ఇన్నేళ్ళలో ఆవిడ నాతో మాట్లాడిందంతా ఆ రాత్రి అన్నాల దగ్గరే. పోయిన భర్తకు వంకాయ కూర ఎంత కారంగా ఉండాలో, పెళ్ళైన కొత్తలో ఆయన కంచంలోంచి ఒక ముక్క తీసి ఈవిడ నోట్లో ఎలా పెట్టేవారో, ఎవరికీ చెప్పనివి నాకు చెప్పారు. రాత్రి అన్నం ఎందుకు వదిలేశారో అప్పుడు తెలిసింది. నియమం మాట సరే. ఆ వేళకు ఎదురుగా ఆ మనిషి లేకపోవడం ఆవిడ చూడలేకపోయారు. నేను కూడా నా సంగతులు చెప్పుకున్నాను. ఇంటి నిండా మనుషులున్నా, అవి వినే తీరిక ఉన్న మనిషి ఆవిడొక్కరే.

అరసవల్లికి ఈసారి నేను తోడు వెళ్ళడం కుదరలేదు. కొత్త బెల్లం బళ్ళు వచ్చే రోజులు. ఒకరింట్లో రాత్రి అన్నం అడగలేక ఊరుకుంటారేమోనన్నదే నా భయమంతా. కర్మకు వెళ్ళినప్పుడు ఆ ఇంటి కోడలిని పక్కకు పిలిచి అడిగాను, ఆ రాత్రి తిన్నారా అని.

"తిన్నారు పిన్నీ," అంది ఆ పిల్ల. "దీపాలెట్టగానే నా దగ్గరికొచ్చి, 'నా మాత్రకి కొంచెం అన్నం పెట్టమ్మా' అన్నారు. నన్నూ కూకోమన్నారు. మావోళ్ళింకా తిన్లేదు, తప్పు కదా అంటే, 'మీ వోళ్ళకి నేను సెప్తాను, కూకో' అన్నారు. మధ్యలో మా మావయ్య వచ్చేరు. నేను లెగబోతే నా మోకాలి మీద చెయ్యేసి నొక్కి పట్టుకున్నారు. తినడం అయిందాకా ఆ చెయ్యి తియ్యలేదు."

గుండె ఆగిపోయిందన్నారు అక్కడి డాక్టరు. మందుల వల్ల కాదు, వయసు వల్ల. మంచాన పడకుండా వెళ్ళిపోయారు. అందుకు ఆ భగవంతుడికి దండం పెట్టుకున్నాను.

నాకు ఏ జబ్బూ లేదు. ఫలానా వేళకు తినాలని ఏ డాక్టరూ నాకు చెప్పలేదు. దీపాలు పెట్టాక అన్నం దించి వార్చి, కంచం పెట్టుకోకుండా పొయ్యి పక్కన ఒక్కదాన్నే కూర్చుంటాను. దుకాణంలో కాటా గొలుసుల చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. గిన్నె మూత కింద ఆవిరి కాసేపు కదిలి, చల్లబడి, నీటిబొట్టయి అంచు మీద నిలుస్తుంది. మగవాళ్ళు తలుపులు వేసి వచ్చేసరికి ఆ బొట్టు కూడా ఆరిపోయి ఉంటుంది.