ఏజిస్ బొమ్మ కుట్టిన కవరాల్

2017 జనవరిలో నన్ను సౌదీలోని యాన్బులో ఒక రిఫైనరీ షట్‌డౌన్‌కు సేఫ్టీ ఇన్‌స్పెక్టరుగా వేశారు. షట్‌డౌన్ అంటే ప్లాంటును కొన్ని వారాలు ఆపేసి, పైపులు విప్పి మరమ్మతు చేయడం. నా పైన సేఫ్టీ మేనేజరు, నా కింద నిప్పు పని జరిగేచోట కాపలా ఉండే ఫైర్ వాచర్లు ముగ్గురు. ఎవరినీ నమ్మకపోవడమే నా ఉద్యోగమని నేను గట్టిగా అనుకున్న రోజులవి.

ఆ ఏడాది వెల్డర్లకు కొత్త కవరాల్స్, అంటే మెడ నుంచి మడమల దాకా ఒకటిగా కుట్టిన పనిబట్టలు, వచ్చాయి. రసాయనం పట్టించిన నూలు బట్ట. నిప్పంటుకున్నా, మంట పక్కకు తీయగానే తనంతట తానే ఆరిపోవాలి. ఛాతీ మీద ఒక గుండ్రటి గుడ్డబిళ్ల, అందులో జుట్టుకు బదులు పాములున్న ఆడమనిషి ముఖం, కింద ఏజిస్ అని కంపెనీ పేరు. క్లయింటు తరఫు ఇంజినీరు స్తావ్రోస్ గ్రీసు దేశస్థుడు. ఏజిస్ అంటే తమ పురాణాల్లో దేవతల రాజు జ్యూస్ రక్షాకవచమని, మేకతోలుతో చేసినదని, అతని కూతురు ఎథీనా దాన్ని ఛాతీ మీద వేసుకుని యుద్ధానికి వెళ్లేదని, దాన్ని పిడుగు కూడా ఏమీ చేయలేదని చెప్పాడు. నడుమ ఉన్న ఆ ముఖం శత్రువును బెదరగొట్టడానికట. జగిత్యాల నుంచి వచ్చిన వెల్డర్ లింగన్న మాత్రం బిళ్లను చూడగానే తేల్చేశాడు. “మన దిష్టిబొమ్మ లెక్కనే ఉన్నది సార్. మంచిదే.”

మూడో వారంలో అదే లింగన్న చేతికి మంటలంటుకున్నాయి. హాట్ వర్క్ పర్మిట్, అంటే నిప్పుతో చేసే పనికి మేమిచ్చే రాతపూర్వక అనుమతి, సక్రమంగానే ఉంది. గ్రైండరు రవ్వ పడి అంటుకున్న బట్ట ఆరలేదు, భుజం దాకా పాకింది. ఫైర్ వాచర్ దుప్పటి చుట్టి ఆర్పాడు. ముంజేయి కాలింది.

ఆ కవరాల్ తెప్పించుకుని చూశాను. రంగు వెలిసిపోయింది. మెడ దగ్గర లేబుల్ మీద అక్షరం లేదు. బిళ్ల ఒక్కటే కొత్తగా మెరుస్తోంది, దాన్ని చేత్తో, వేరే దారంతో కుట్టారు. నకిలీ బట్టకు అసలు బిళ్ల తగిలించారని నాకు అక్కడికక్కడే అర్థమైపోయింది, అంటే అర్థమైందనుకున్నాను. స్టోర్ కీపర్ రహీమ్ భాయ్ కడప మనిషి. అతని బావమరిదికి రాబిగ్ ఊళ్లో పనిబట్టల దుకాణం ఉంది. ఇంకేం కావాలి?

స్టోరులో సీలు వేసిన పెట్టె ఒకటి విప్పించి, కొత్త కవరాల్ అంచు కత్తిరించి లైటరు పెట్టాను. లైటరు తీయగానే ఆరిపోయింది. లింగన్నది భగభగా కాలింది. నా అనుమానం ఇంకా ముదిరింది.

“పన్నెండేండ్ల నుంచి ఈ తాళాలు నా కాడనే ఉండాయి సార్,” అన్నాడు రహీమ్ భాయ్. “ఆయప్ప చెయ్యి కాలిందానికి నేను కారణమంటే నాకు అన్నం ఎట్ల దిగుతాది?”

బాగానే నటిస్తున్నాడనుకున్నాను. తాళాలు తీసుకుని, అతనికి ఫైనల్ ఎగ్జిట్ ఇవ్వాలని రిపోర్టు పంపాను. అంటే ఉద్యోగం రద్దు చేసి, దేశం దాటించడం.

సాక్ష్యం బలపరుచుకుందామని మర్నాడు లేబర్ క్యాంపుకు వెళ్లాను. లింగన్న గదిలో తీగ మీద అతని రెండో కవరాల్ ఆరుతోంది, ఛాతీ మీద బిళ్ల లేదు. బిళ్ల దిండు పక్కన ఉంది, దానికి సూదీ దారమూ గుచ్చి ఉన్నాయి. బకెట్లోంచి బ్లీచు వాసన ఘాటుగా కొడుతోంది.

ఇదేమిటని అడిగాను.

“మీరే గద సార్ నోటీసు పెట్టిండ్రు, మరకల బట్టలతోని వస్తె గేటు కాడ్నించే పంపిస్తమని. నన్ను రెండుసార్లు పంపిండ్రు, హాజరు పాయె. గ్రీజు సబ్బుకు పోతలేదు. అందుకే బ్లీచుల నానవెడ్తున్న. దిష్టిబొమ్మ ఖరాబైతదని ముందుగాల్నే ఇప్పి, మల్ల కుట్టుకుంటున్న.”

ఆ బట్టకు పట్టించిన రసాయనాన్ని బ్లీచు తినేస్తుంది. కాపాడేది బట్ట, బిళ్ల కాదు. అతను బిళ్లను భద్రంగా దాచి కవచాన్ని కడిగి పారేశాడు. బ్లీచు వాడరాదని లేబుల్ మీద ఇంగ్లీషులో, అరబిక్‌లో ఉండేది, లింగన్నకు ఆ రెండూ రావు. రోజూ పొద్దున పని మొదలయ్యే ముందు పది నిమిషాలు వాళ్లకు జాగ్రత్తలు చెప్పేది నేనే. ఉతకడం గురించి ఒక్కనాడూ నోరెత్తలేదు. పిడుగు తగలని కవచానికి కూడా నా నోటీసు తగిలింది.

రిపోర్టు వెనక్కి తీసుకుని, కారణం అన్న గడిలో నా పేరే రాశాను. మేనేజరు హెచ్చరిక లేఖ ఇచ్చాడు. ఆ వారమే బ్లీచులో నానిన కవరాల్స్ పద్దెనిమిది ఏరి పారేశాం. లింగన్న చేయి మానింది, మచ్చ ఉండిపోయింది.

తాళాలు నేనే తీసుకెళ్లి రహీమ్ భాయ్‌కి ఇచ్చి, క్షమించమన్నాను. అతను వాటిని వెంటనే అందుకోలేదు. ఒక కాగితం మీద తాళాలెన్నో, నేను తీసుకున్న తేదీ, తిరిగిచ్చిన తేదీ రాసి నా ముందుకు జరిపాడు. “సంతకం పెట్టండి సార్. ఇంగ మనిద్దరికీ నోటిమాటలు వద్దు.”

సంతకం పెట్టాను. ఆ తర్వాత నేను చేసిన ప్రతి విచారణలోనూ మొదట తెప్పించుకున్న ఫైలు, నేను జారీ చేసిన నోటీసులదే.