చల్లారిన ఇంజను

నా చిన్నప్పుడు మా నాన్న వారానికి ఒక్కరోజే మాకు దక్కేవారు. గోదావరి మధ్య లంకలో ఉన్న బడికి ఆయనకి బదిలీ అయింది. మాది కొవ్వూరుకి దిగువన కాలవ పక్క ఊరు. అక్కణ్ణుంచి రేవు దాకా సైకిలు, రేవులో పడవ, పడవ దిగాక మళ్ళీ ఇసకలో చాలా దూరం నడక. రోజూ తిరగలేక నాన్న ఆ లంకలోనే ఎవరి వసారాలోనో ఉండి, ఒక్కరే వండుకు తినేవారు. శనివారం సాయంత్రం వచ్చి, సోమవారం నేను లేవకముందే వెళ్ళిపోయేవారు. అందుకే సోమవారమంటే నాకు ఇప్పటికీ పడదు. లేవగానే దండెం మీద ఆయన తువ్వాలు ఉందేమోనని చూసేదాన్ని. ఉండదని తెలిసీ చూసేదాన్ని.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా ఇంట్లో మోటారు సైకిలు మాట మొదలైంది. బండి ఉంటే దాన్ని పంటు మీద ఎక్కించుకుని ఏరు దాటవచ్చు, అటు దిగాక లంక బాట వెంట బడి దాకా వెళ్ళవచ్చు, చీకటి పడేలోగా ఇంటికి రావచ్చు. రెండు పడవలు కలిపి కట్టి పైన బల్లలు పరిచిన ఆ పంటు మీద గేదెల్ని కూడా దాటించేవారు, బండి ఒక లెక్కా అని నాన్న అమ్మతో అంటుంటే నేను పక్కలో పడుకుని వినేదాన్ని. ఇక ప్రతిరోజూ నాన్న ఇంట్లో ఉంటారు. నాకు అర్థమైంది ఆ ఒక్క ముక్కే.

కొత్త బండి మా తాహతుకి మించిన మాట. ఏటిగట్టు పక్క ఊళ్ళో ఒక కొబ్బరి వ్యాపారి తన పాత బండి అమ్ముతున్నారని తెలిసి, నాన్న పక్కింటి తాతయ్యని సాయం అడిగారు. ఆ తాతయ్య మాకు వరసకి ఏమీ కారు. ముప్పై ఏళ్ళు రైసు మిల్లులో ఆయిలింజను నడిపి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. వీధిలో నడిచిపోతూనే ఎవరింట్లో కుట్టు మిషనుకి నూనె కావాలో చెప్పేస్తారని అమ్మ ఆయన్ని వేళాకోళం చేసేది. ఆదివారం భోజనాలయ్యాక నాన్న సైకిలు ముందు కడ్డీ మీద నేను, వెనకాల తన సైకిలు మీద తాతయ్య బయల్దేరాం. నన్ను తీసుకెళ్ళకపోతే అన్నం తిననని పొద్దున్నే పేచీ పెట్టాను మరి.

బండి పెరట్లో పాక కింద ఉంది. ఎర్రటి ట్యాంకు, అందులో నా మొహం కనిపించేంత మెరుపు. వ్యాపారి గారు ఒక్క తాపు తన్నగానే స్టార్టయింది. నాన్న మొహం అంత వెలిగిపోవడం నేను అంతకుముందు చూడలేదు. తాతయ్య మాత్రం ట్యాంకు వంక చూడనైనా చూడలేదు. ఇంజను ఆపించి, గొంతుకూర్చుని దాని దగ్గరకి చెయ్యి పోనిచ్చి వెనక్కి తీసుకున్నారు.

"ఇప్పుడే ఎక్కడికైనా వెళ్ళొచ్చారాండి?" అని అడిగారు.

"లేదండీ. మీరొస్తారని పొద్దుటినుంచీ ఇంట్లోనే ఉన్నానండి," అన్నారు ఆయన.

తాతయ్య తలూపి, ఎండన పడి వచ్చాం, కాసేపు కూర్చుంటామండి అన్నారు. మా వైపు ఇంటికొచ్చిన మనిషి కూర్చుంటానంటే వద్దనే నోరు ఎవరికీ లేదు. అరుగు మీద చాప పడింది, లోపల్నుంచి కాఫీలొచ్చాయి. కూర్చున్నాక తాతయ్య ఆయన ఇంటిపేరు అడిగారు. ఆ తర్వాత తల్లిగారి పుట్టిల్లు ఏ ఊరని అడిగారు. ఇక చూసుకోండి. మేనత్తలూ, వియ్యపురాళ్ళూ, తునిలో స్థిరపడిన పెత్తల్లి కొడుకులూ అందరూ ఒకరి తర్వాత ఒకరు ఆ అరుగు మీదకి వచ్చారు. బండి సంగతి ఎవరూ ఎత్తలేదు. కొబ్బరి వ్యాపారి మధ్యమధ్య పాక వైపు చూస్తున్నారు గానీ పాపం మర్యాదకి కట్టుబడి కదల్లేకపోయారు.

కూర్చునేముందే తాతయ్య నన్ను పక్కకి పిలిచి ఒక పని అప్పజెప్పారు. ఇంజను రాత్రంతా ఆగి చల్లబడ్డాక, పొద్దున్నే ఎలా లేస్తుందో అదే దాని అసలు గుణమట. ముందే వేడి చేసి పెట్టిన ఇంజను ఎంత రోగిష్టిదైనా ఒక్క తాపుకే లేస్తుందట. అందుకని నేను అప్పుడప్పుడూ వెళ్ళి ముట్టుకుని చూసి, పూర్తిగా చల్లారాక వచ్చి చెప్పాలి. అంత పెద్ద పని నాకెవరూ అంతకుముందు చెప్పలేదు.

నేను పాకలోకి వెళ్తూ వస్తూ ఉన్నాను. మొదట చెయ్యి ఆనించలేకపోయాను. కాసేపటికి ఆనించగలిగాను. అప్పుడే నాకు భయం పట్టుకుంది. ఇది చల్లారాక లేవకపోతే? నాన్న దీన్ని కొనరు. రేపు సోమవారం. ఆ ఎర్రటి ట్యాంకు పక్కన నిలబడి నేను సోమవారాలన్నీ తలుచుకున్నాను. తర్వాత పరిగెత్తుకుని వెళ్ళి, చల్లారిపోయింది తాతయ్యా అని చెప్పేశాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని, అరచెయ్యి తన చెంపకి ఆనించుకున్నారు. ఇంజను వేడికి అది ఇంకా వెచ్చగా ఉందని ఆయనకి తెలుసు, ఆయనకి తెలిసిందని నాకు తెలుసు. తాతయ్య నా చెయ్యి వదలకుండానే లోపలికి వినబడేలా, "అమ్మా, మీ కాఫీ బాగుంది. ఇంకో గుక్క ఇప్పిస్తారా?" అన్నారు. అంతే. ఇంకో మేనత్త ముచ్చట మొదలైంది.

నిజంగా చల్లారాక అందరూ లేచారు. వ్యాపారి గారు తన్నారు, నాన్న తన్నారు, మళ్ళీ ఆయన తన్నారు. ఇద్దరి చొక్కాలూ తడిసిపోయాయి. చివరికి లేచింది గానీ పాకంతా తెల్లటి పొగ. తాతయ్య జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి ముందు లైటు ఊడదీశారు. లోపల అడుగున మెత్తగా, ఎండిన ఒండ్రు. అది ఏ ఏటి ఒండ్రో మా ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. అప్పటికే తాతయ్యకీ వ్యాపారి గారికీ బావా బావమరుదుల వరస కలిసింది. ఆయన తల దించుకుని, "మొన్న వరదకి రెండ్రోజులు నీళ్ళలో ఉండిపోయిందండి బావగారూ. ఇంతసేపు చుట్టరికాలు కలుపుకున్నాక ఇంకేం దాస్తానండి," అన్నారు. తాతయ్య ఊడదీసిన లైటుని మళ్ళీ దాని చోట పెట్టారు. మా నాన్న బిగించడానికి సాయం చేశారు.

బండి కొనకుండా వెనక్కి వచ్చేటప్పుడు తాతయ్య నన్ను తన సైకిలు మీద ఎక్కించుకున్నారు. నాన్న ముందు వెళ్తున్నారు, ఆయన వీపు చూస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. "మీ నాన్న ఇంటికి రావాలనే కదమ్మా నీ ఆశ. ఆ బండెక్కితే లంక ఇసకలో ఆగిపోతాడే తల్లీ. మనకి బాగా కావాలనిపించినప్పుడే చెయ్యి ఇంకాసేపు ఉంచి చూడాలి," అన్నారు. నేను అబద్ధమాడానని మాత్రం అనలేదు. ఆయన పోయేదాకా ఎవరితోనూ అనలేదు.

మరో ఏడాది సోమవారాలు అలాగే గడిచాయి. ఆ తర్వాత కడియంలో ఒక నర్సరీ రైతు దగ్గర వెలిసిపోయిన నల్లబండి దొరికింది. మట్టి కూడా తుడవకుండా, ఏ భాగం ఎప్పుడు మార్చారో ఆయనే చెప్పి అమ్మారు. కొనేముందు మేం వస్తున్నట్టు చెప్పకుండా పొద్దున్నే వెళ్ళి చూశాం. ఇంజను చన్నీళ్ళలా ఉంది, రెండో తాపుకి లేచింది. అప్పట్నుంచి నేను లేవగానే దండెం వైపు చూడటం మానేసి వసారాలోకి వెళ్ళి ఇంజను మీద చెయ్యి వేసేదాన్ని. చల్లగా ఉంటే బండి ఇంకా కదలలేదన్నమాట, నాన్న ఇంట్లోనే ఉన్నట్టు.

చాలా ఏళ్ళ తర్వాత, నాన్న మంచం పట్టిన రోజుల్లో, ఆనాటి అబద్ధం ఆయనకి చెప్పేశాను. ఆయన, "మధ్యలో నేనూ వెళ్ళి ముట్టుకున్నానమ్మా. వేడిగానే ఉంది. నువ్వు చల్లారిందన్నావు కదాని నేనూ నోరు మెదపలేదు," అన్నారు. లంకలో ఆ వసారాలో ఒక్కరే కూర్చుని అన్నం తినే మా నాన్న నాకు ఆ రోజు కనిపించారు.

మొన్న మా మనవరాలు ఫోనులో పాత స్కూటరు ఫొటో చూపించి ఎలా ఉంది అమ్మమ్మా అంది. రంగు బాగుంది, పొద్దున్నే చెప్పకుండా వెళ్ళి ఇంజను మీద చెయ్యి వేసి చూడు అన్నాను. దానికి చెప్పగలిగింది అంతే. నాన్న నల్లబండి ఇంకా మా వసారాలోనే ఉంది. లేవగానే నా చెయ్యి దాని మీదకే పోతుంది. ప్రతి పొద్దునా చల్లగానే ఉంటుంది. చల్లగా ఉంటే నాన్న ఇంట్లోనే ఉన్నట్టని చిన్నప్పుడు అలవాటైన ఈ అరచేతికి, ఇప్పుడు ఆయన లేరన్న సంగతి ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు.