ఆ దెయ్యం సినిమా మీద మా ఇంటి అభిప్రాయాలు

ఆ సినిమాకి పెద్దమ్మని తీసుకెళ్ళింది నేనే. కథేమిటో ముందుగా కనుక్కోలేదు. ఆఫీసులో సగం మంది ఇలాంటి సినిమా తెలుగులో రాలేదంటున్నారు, మిగతా సగం మంది హాల్లో నిద్రపోయామంటున్నారు. మా మరిది అప్పటికే ఒకసారి చూసొచ్చి, ఆ సౌండు థియేటర్లోనే వినాలి వదినా అంటూ రెండోసారి మమ్మల్నందర్నీ బయల్దేరదీశాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే అన్నాలు తిని, మా బాబుని పక్కింట్లో వదిలి, విజయనగరంలో మ్యాట్నీకి వెళ్ళాం. నేను, మా ఆయన, మరిది, ఐదో నెల కడుపుతో ఉన్న మా తోటికోడలు, పెద్దమ్మ. ఒక్కతీ ఇంట్లో ఏం చేస్తుందిలే అని ఆవిణ్ణి కూడా రమ్మన్నాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. భర్త తొందరగా పోయాడు, పిల్లల్లేరు. గజపతినగరం దాటాక లోపలికి ఉన్న ఒక ఊళ్ళో ఒంటరిగా ఉండేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆ ఊళ్ళో పక్కింటి పిల్ల జ్వరంతో చనిపోయింది. పెద్దమ్మ చిల్లంగి పెట్టి, అంటే చేతబడి చేసి, చంపిందన్నారు. ఒక పొద్దున నలుగురు మగాళ్ళొచ్చి ఆవిణ్ణి గుంజకి కట్టి, ముందు పళ్ళు రాయితో రాలగొట్టారు. పళ్ళు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదట. ఆ నలుగురిలో ఒకడు వరసకి ఆవిడ మరిది. మా అమ్మ వెళ్ళి ఆటోలో పడుకోబెట్టుకుని తీసుకొచ్చింది. నేను ఇంటర్‌లో ఉండగా అమ్మ పోతే, ఆ తర్వాత నన్ను పెంచింది పెద్దమ్మే. నాకు బాబు పుట్టినప్పుడు సాయానికొచ్చి మా ఇంట్లోనే ఉండిపోయింది. కట్టుడు పళ్ళు పెట్టించాను గానీ చిగుళ్ళు ఒరుసుకుంటున్నాయని తీసి పక్కన పెట్టేసింది. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకునేది. అత్తారింట్లో అందరికీ బోరింగు దగ్గర జారిపడిందని చెప్పాం. అసలు సంగతి మా ఆయనకొక్కడికే తెలుసు.

సినిమాలో ఒక కొండ ఊరు. ఊరి చివర గుడిసెలో ఒక ముసలామె. మొదటి సగంలో మాటలే తక్కువ. పొగమంచు, గాలి, ఎక్కడో తలుపు కొట్టుకుంటున్న చప్పుడు. ఊళ్ళో పిల్లలకి జబ్బులొస్తాయి, ఊరివాళ్ళు ఆవిణ్ణి తరిమేస్తారు, ఆవిడ చచ్చిపోయి దెయ్యమై తిరిగొస్తుంది. ఇంటర్వెల్ ముందు ఆ మొహాన్ని మొదటిసారి దగ్గరగా చూపించారు. మెల్లిగా నోరు తెరిచింది. ముందు పళ్ళు లేవు.

హాలంతా కెవ్వుమంది. వెంటనే ఈలలు వేశారు. నాకు పెద్దమ్మ వైపు తిరిగే ధైర్యం రాలేదు. వెళ్ళిపోదామా అని మెల్లిగా అడిగితే వద్దని చెయ్యి ఊపింది. చివరిదాకా కదలకుండా చూసింది.

ఇంటికొచ్చి టీలు తాగుతుంటే మొదలయింది. మా ఆయనకి నచ్చలేదు. గంటసేపు మంచు చూపిస్తే భయమెలా వేస్తుంది, ఒక్క దెబ్బలాటైనా లేదన్నాడు. మరిదికి కోపమొచ్చింది. భయమంటే వెనకనుంచి ఎవరో అరవడం కాదన్నయ్యా, అది ఒంట్లోకి దిగాలి అని, ఏ సీన్లో చప్పుడు ఎక్కడ ఆపారో వివరించడం మొదలుపెట్టాడు. తోటికోడలు కడుపుతో ఉండి చూడకుండా ఉండాల్సిందంది. తర్వాత, ఆ ముసలిదాని నోరు మాత్రం కళ్ళల్లోంచి పోవడం లేదంది.

మరిది నవ్వాడు. “మేకప్ వాడికి అవార్డు ఇవ్వాలి వదినా. పళ్ళు తీసేసి వదిలాడు చూడు, అంతకంటే ఏం చెయ్యక్కర్లేదు.”

పెద్దమ్మ అక్కడే గుమ్మం దగ్గర కూర్చుని టీ ఊదుకుంటోంది. నాకు ఆ క్షణంలో ఏమైందో తెలీదు. అది మేకప్ కాదన్నాను. నలుగురు మగాళ్ళు పట్టుకుని రాయితో కొడితే నోరు అలాగే ఉంటుందన్నాను. గుంజ సంగతి, చనిపోయిన పిల్ల సంగతి, అంతా చెప్పేశాను. మా ఆయన ఆపమని సైగ చేస్తూనే ఉన్నాడు. నేను ఆగలేదు. పెద్దమ్మ తరఫున మాట్లాడుతున్నానని, వాళ్ళు సిగ్గుపడాలని అనుకున్నాను.

మరిది, ఆవిడ మనసు కుదుటపరచడానికే కాబోలు, సినిమా ఎలా ఉందత్తయ్యా అని అడిగాడు.

“బాగానే ఉన్నాది” అంది పెద్దమ్మ. “ఆవిడ ఒక్కొక్కడినీ ఏరుకుని సంపింది. ఆవిడకి సేతనయ్యింది. నాకు అలాటిదేటైనా వస్తే ఆ నలుగురూ ఇప్పుడు మనవల్ని ఎత్తుకుని తిరుగుదురా?”

తోటికోడలు లేచి వాళ్ళుండే పై పోర్షన్‌లోకి వెళ్ళిపోయింది. కళ్ళు తిరుగుతున్నాయేమో అనుకున్నాను.

గ్లాసులు కడుగుతూ పెద్దమ్మ నాతో అన్న మాట ఒక్కటే. “నానడిగేనేటి నిన్ను సెప్పమని?”

మర్నాడు పైకి పంపిన ఉప్మా గిన్నె మూత తియ్యకుండానే కిందికొచ్చింది. వేవిళ్ళు తగ్గలేదన్నారు. ఆ తర్వాత చేపల పులుసు, ఆ తర్వాత సున్నుండలు, అన్నీ అలాగే వచ్చాయి. మెట్ల మీద పెద్దమ్మ ఎదురైతే ఆ పిల్ల కొంగు పొట్ట మీదికి లాక్కునేది. పురుడికి వాళ్ళమ్మగారింటికి బొబ్బిలి వెళ్ళింది, ఆడపిల్ల పుట్టింది. పాపని చర్చిలో దేవుడికి ప్రతిష్ఠ చేసేరోజు దగ్గర పడ్డాక, ఎవర్నీ నొప్పించడం ఎందుకు, అత్తయ్యని ఏదో ఒక వంకతో ఇంట్లోనే ఉండమను అన్నాడు మా ఆయన. ఎవరూ ఏమీ నమ్మడం లేదట, పచ్చి బాలింత భయపడుతోందంతే అట. నేను ఆ వంక చెప్పాను. బాబుకి జలుబు చేసింది, వాడి దగ్గర ఉండు పెద్దమ్మా అన్నాను. వాడు ఆ పక్కనే బంతి ఆడుకుంటున్నాడు. ఆవిడ వాణ్ణి చూసింది, నన్ను చూసింది, సరేనంది.

ఆ నెలలోనే వెళ్ళిపోయింది. ఆవిడకి తెలిసినామె అరసవల్లిలో లాడ్జీల దగ్గర మెస్సు నడుపుతోంది. కూరలు తరగడానికి మనిషి కావాలందట. నేను ఏడ్చాను, బతిమాలాను. కానీ తను ఇక్కడ ఉండొచ్చో లేదో పై పోర్షన్ వాళ్ళని పిలిచి తన ఎదురుగానే అడగమని పెద్దమ్మ అంటే మాత్రం అడగలేకపోయాను. మా ఆయన బస్సెక్కించి వచ్చి, ఆవిడకీ అక్కడ నలుగురితో కాలక్షేపంగా ఉంటుందిలే అన్నాడు. నేను నెలకోసారి వెళ్తాను. వెళ్ళినప్పుడల్లా పాప గురించి అడుగుతుంది. బోర్లాపడిందా, ఉగ్గు తింటోందా అని.

మొన్న వానలకి పాపకి జ్వరమొచ్చింది. డాక్టరు రాసిన సిరప్ పోస్తే మూడో రోజుకి తగ్గిపోయింది. రెండో రోజున, జ్వరం ఇంకా దిగకముందు, మరిది కిందికొచ్చాడు. ఫోను చూసుకుంటున్నట్టు చూసుకుంటూ అడిగాడు.

“వదినా, మీ పెద్దమ్మగారు ఈ మధ్య ఇటేమైనా వచ్చారా?”

అతను ఇంజనీరింగు చదివాడు. చర్చి యూత్ మీటింగుల్లో మూఢనమ్మకాల మీద మాట్లాడేది అతనే. మొహాన ఒక్కటి పెట్టాలనిపించింది. సిగ్గు లేదా అనాలనిపించింది.

“రాలేదు” అన్నాను.

అతను తల ఊపి పైకి వెళ్ళిపోయాడు. ఆ మాట మా ఆయనకి చెప్తే, పిల్ల కంగారులో ఏదో అడిగాడులే అన్నాడు. పెద్దమ్మకి చెప్పలేదు. పాపకి జ్వరం వచ్చిందన్న సంగతి కూడా చెప్పలేదు.