వాగులో వదిలేసిన వల

మావయ్య పోయాడన్న కబురు వచ్చేసరికి నేను గుడివాడలో ఓ ప్రింటింగ్ ప్రెస్సు మెట్ల మీద కూర్చుని, నీళ్ళను కాపాడుకోవాలంటూ నేనే రాసిన కరపత్రంలో అచ్చుతప్పులు దిద్దుతున్నాను. ఫోను చేసింది అత్తయ్య. ఏడవలేదు. "మీ మావయ్య వెళ్ళిపోయాడు నాయనా. పొద్దున్నే టీ తాగి గ్లాసు కింద పెట్టాడు, అంతే. ఉన్నపళాన రా," అంది. నేను బందరు బస్సెక్కేలోపే మా ఊరి కుర్రాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆయన ఫొటో పడింది. కింద దండాల బొమ్మలు. వాటి కింద ఎవడో క్రికెట్ స్కోరు పెట్టాడు. దాని కింద మళ్ళీ దండాలు. ఛీ అనిపించింది. ఇన్ని రోజులైనా ఆ ఛీ నా నోట్లోంచి పోలేదు. ఈ నాలుగు మాటలూ దాంతోనే రాస్తున్నాను. మర్యాదగా లేకపోతే మీరే సర్దుకోండి.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. బందరు అవతల, సముద్రం ఒడ్డున ఉన్న మా ఊళ్ళో మా పక్కింటాయన. మోకాళ్ళు మొరాయించేదాకా పడవ మీద వేటకు వెళ్ళాడు. ఆ తర్వాత ఇంటిముందు పందిట్లో కూర్చుని ఊరందరి వలలూ బాగుచేసేవాడు. కత్తిరించిన నైలాన్ దారం ముక్క ఒక్కటీ ఇసకలో పడనిచ్చేవాడు కాదు. చొక్కా జేబులో వేసుకునేవాడు. "పిట్ట కాలికి చుట్టుకుంటదిరా. అది విప్పుకోలేదు, మనకి చెప్పుకోలేదు," అనేవాడు. జేబు ఎప్పుడూ ఉబ్బెత్తుగా ఉండేది. నిండితే పొయ్యిలో వేసేవాడు.

శవం దగ్గర ఏం జరిగిందో కూడా చెప్పాలి. నేను వెళ్ళేసరికే వీధి మొగలో ఫ్లెక్సీ కట్టేశారు. దాని మీద మూడు పార్టీల నాయకులు చేతులు జోడించి నవ్వుతున్నారు. మావయ్య ముఖం ఒక మూల, తపాలా బిళ్ళంత. వచ్చినవాళ్ళు నీళ్ళ ప్యాకెట్లు పళ్ళతో చించి తాగి, ఆ ఖాళీ సంచులు ఆయన యాభై ఏళ్ళు పడవ దింపిన కాలవలోనే పారేశారు. నేను అరిచాను. "ఇప్పుడేంట్రా నీ ఉపన్యాసం, చావు దగ్గర?" అన్నాడు ఒక పెద్దమనిషి. ఆయన కాలి కిందే ప్యాకెట్టు ఉంది. స్నానం చేయించడానికి చొక్కా విప్పితే జేబులో దారం ముక్కలు ఉన్నాయి. వాటిని అత్తయ్య గుప్పిట్లో పట్టుకుని చాలాసేపు ఎక్కడా పెట్టలేదు.

నేను చదివింది ఎక్కువగా కరపత్రాలూ చిన్న పుస్తకాలూ. బస్టాండుల్లో, మీటింగుల్లో పంచేవి. వాటిని పందిట్లో కూర్చుని మావయ్యకు చదివి వినిపించేవాణ్ణి. వల మీంచి తలెత్తకుండా వినేవాడు. అయిపోయాక ఒక ప్రశ్న వేసేవాడు. "జనం, జనం అంటన్నాడు. ఆ జనంలో మీ అత్త ఉందా లేదా?" నాకు ఒళ్ళు మండేది. ఇంకో రోజు, "కాగితం చదివితే చదివావుగానీ అల్లుడూ, అప్పుడప్పుడూ నీళ్ళు కూడా చదువు," అన్నాడు. ఆ మాట అప్పుడు వెక్కిరింతే అనుకున్నాను.

ఏటా వేసవిలో రెండు నెలలు సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. పడవలు ఒడ్డునే ఉంటాయి, ఊరికి తోచదు. పోయినేడు ఆ రోజుల్లోనే ఊళ్ళో వాళ్ళందరం ఒక బస్సు మాట్లాడుకుని గోదావరి అవతల మన్యం కొండల్లో ఉన్న నేషనల్ పార్కుకు వెళ్ళాం. మావయ్య అంతకుముందు కొండ ఎక్కలేదు. మా దివిసీమ పక్కన ఎత్తంటే కరకట్టే గదా! ఘాట్ రోడ్డు మొదలవగానే ముందు సీటు కమ్మీ పట్టుకుని, పడవలో నిలబడినట్టు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

"కూర్చో మావయ్యా, పడతావు."

"అల ఎక్కితే దిగాలి గదరా. ఇదేంటి, ఎక్కుతానే ఉంది!"

బస్సంతా నవ్వింది. ఆయన చంకలో సంచి, సంచిలో చేతివల. నీళ్ళున్న చోటికి వల లేకుండా వెళ్తే చెప్పుల్లేకుండా వెళ్ళినట్టుంటుందని తెచ్చుకున్నాడు. ఆయనే అల్లుకున్న వల. ఎక్కడ చిరిగినా ఎర్ర దారంతో కుట్టేవాడు.

పార్కు గేటు దగ్గర వాచర్ కుర్రాడు, ఆ కొండల మనిషే, సంచి విప్పి చూశాడు. "ఇక్కడ వేట కుదరదండి. వల బయటికి తియ్యొద్దు," అన్నాడు.

"నిషేధం ఎన్నాళ్ళు బాబూ?"

"ఏడాది పొడుగునా అండి."

"ఏడాదంతానా! మరి చేప ఏమైపోద్ది?"

"ముసలిదై చచ్చిపోద్దండి."

మావయ్య ఆ జవాబుకి కడుపు పట్టుకుని నవ్వాడు. "ఒరే అల్లుడూ, ముసలి చేపను నా జన్మలో చూళ్ళేదురా. ముసలయ్యేదాకా మనం ఉంచితే గదా! ఎంతుంటాదో!" అన్నాడు. అంతే, ఇక ఆయనకు కొండలు అక్కర్లేదు, చెట్లక్కర్లేదు. వాగు దిగి, బండల మధ్య ఉన్న లోతైన మడుగు పక్కన కూర్చున్నాడు. కదల్లేదు.

మిగతావాళ్ళం ఏం చేశామో చెప్తాను, వినండి. అడవికి వచ్చి స్పీకరు పెట్టి గంతులేశాం. పిట్ట కూత ఒక్కటి వినబడితే ఒట్టు. ఏ చెట్టు కింద చూసినా బిర్యానీ ఎముకలు, థర్మోకోల్ పళ్ళేలు. చిప్స్ ప్యాకెట్టులో తల ఇరుక్కున్న కోతిపిల్లని చూసి నలుగురు ఫోన్లు తీశారు, ప్యాకెట్టు తీసినవాడు లేడు. వాగులో షాంపూ నురగ. పెద్ద కారులో వచ్చిన ఓ గుంపు బీరు సీసాల్ని బండకేసి కొడుతూ ఎవరి సీసా ఎక్కువ ముక్కలైందో చూసుకుంటున్నారు. మా ఆడవాళ్ళు ఎండుచేపల కూర మూత తీస్తే ముక్కు మూసుకున్నది కూడా వాళ్ళే. "ఛీ, ఏంటీ కంపు!" అంది వాళ్ళల్లో ఒకామె. అంటూనే చేతిలో ఉన్న పిల్లాడి డైపరు పొదలోకి విసిరింది.

వాచర్ దగ్గరకు వెళ్ళాను.

"వాళ్ళకేం చెప్పవా?"

"చెప్పానండి. వినట్లేదండి. నేనొక్కణ్ణే అండి."

"అంటే సీసాలు వేస్తే చెడని నీళ్ళు మా వల వేస్తే చెడతాయా? అడవి ఎవడిది? జనానిది కాదూ?"

ఇవి కరపత్రంలో మాటలు. మాటల్లో తప్పేం లేదు. అవి నా నోట్లోకి వచ్చిన వేళ తప్పు. నేరుగా వెళ్ళి మావయ్య పక్కన ఉన్న సంచిలోంచి వల లాగాను.

అప్పుడే ఆయన నీళ్ళలోకి వేలు చూపిస్తూ గుసగుసగా, "అదిగోరా, వచ్చింది! కదలకు. ముసలిది. చూడు, పక్కలు ఎలా నల్లబడ్డాయో..." అంటున్నాడు.

నేను చూడలేదు. విసిరాను.

చేతివల విసిరేవాడు ముందు దాని తాడు ఉచ్చు మణికట్టుకి తగిలించుకుంటాడు. మా ఊళ్ళో ఆరేళ్ళ పిల్లకు కూడా తెలుసు. నేను తగిలించుకోలేదు. వల గాల్లో విచ్చుకోను కూడా లేదు. అంచునున్న సీసపు గుళ్ళ బరువుకి తాడుతో సహా మడుగులోకి వెళ్ళి, అడుగున ఏ మొద్దుకో చుట్టుకుంది.

మావయ్య తిట్టలేదు. చొక్కా విప్పి నీళ్ళలోకి దిగబోయాడు. వాచర్ పరుగున వచ్చి పట్టుకున్నాడు. ఆ మడుగులో మనుషులు పోయారట. దిగనివ్వనన్నాడు. "నాయనా, నాకు వల కావాలని కాదు. దాన్ని లోపల వదిలితే చంపుతానే ఉంటది. తినేవాడు లేకపోయినా పడతానే ఉంటది. ఒక్కసారి దిగనివ్వు," అని బతిమాలాడు. ఐదు అయిపోయింది, గేటు మూయాలి. ఎవరు విసిరారని వాచర్ అడిగాడు.

పొద్దుటినుంచీ అడవికంతా వినబడేలా అరిచిన నేను నోరు తెరవలేదు.

"నేనే బాబూ," అన్నాడు మావయ్య. వాచర్ రిజిస్టరులో ఆయన పేరు, ఊరు రాసుకున్నాడు. ఆయన వేలిముద్ర వేశాడు. జీవితంలో ఏ నిషేధంలోనూ పడవ దింపని మనిషి ఆయన. కారు గుంపు పేరు ఎవరూ రాసుకోలేదు, వాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. కానీ ఇప్పుడు నాకు వాళ్ళ మీద కంటే ఎక్కువ రోత ఎవరి మీదో మీకు అర్థమయ్యే ఉంటుంది.

తర్వాత ఏడాదంతా ఆయన ఆ మాట ఎత్తి నన్ను పొడవలేదు. చేప సంగతే చెప్పేవాడు. పందిట్లోకి ఎవరొచ్చినా చేతులు చాపి, "ఇంత!" అనేవాడు. సంక్రాంతికి మూరెడున్న చేప శివరాత్రికి మూరన్నర అయింది. "పెరుగుతానే ఉందే మావయ్యా," అని కుర్రాళ్ళు ఏడిపిస్తే, "నిషేధంలో ఉంది గదరా, పెరగదా మరి?" అనేవాడు. వాళ్ళు వెళ్ళిపోయాక మాత్రం నన్ను మెల్లగా అడిగేవాడు: "అల్లుడూ, కొండల మీద వాగులో నీళ్ళు ఏ నెల్లో తగ్గుతాయంటావు?" ఈ ఏడు నిషేధం రాగానే ఇద్దరం వెళ్ళి వల తీసేయాలనుకున్నాం. నిషేధం వచ్చిన నాలుగో రోజున ఆయన టీ తాగి గ్లాసు కింద పెట్టాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు అత్తయ్య గుమ్మంలో కూర్చుని ఉంది. నేను పందిట్లో కళ్ళు తుడుచుకుంటుంటే చూసింది. "ఊరికే ఏడిస్తే ఏమొస్తదిరా? ఆయన బెంగంతా వాగులో ఉన్న ఆ వల మీదే. వెళ్ళి అది తీసుకురా," అంది. విసిరింది నేనని ఆమెకు తెలుసు. ఎప్పటినుంచి తెలుసో అడిగే ధైర్యం నాకు లేదు.

మూడు బస్సులు మారి వెళ్ళాను. గేటు దగ్గర అదే వాచర్. మావయ్య పోయాడని చెప్పాను. తర్వాత, ఏడాది ఆలస్యంగా, "వల విసిరింది ఆయన కాదు, నేను," అన్నాను.

"తెలుసండి."

"ఎలా?"

"ఆయన వేసుంటే తాడు ఆయన చేతికే ఉండేది కదండి."

మడుగు సగానికి దిగిపోయింది. ఈసారి తనే నా నడుముకి తాడు కట్టి, రెండో కొస పట్టుకుని నన్ను దింపాడు. వల మొద్దుకు చుట్టుకునే ఉంది. పైకి లాగితే ముందు రెండు బీరు సీసాలు, చిప్స్ ప్యాకెట్లు, ఒక చెప్పు వచ్చాయి. వాటి మధ్య చిన్న చిన్న ముళ్ళు, పీత డొప్పలు. కుళ్ళు వాసన గుప్పుమంది. ముక్కు మూసుకోబోయి, ముక్కు మూసుకున్న ఆ కారు గుంపులో ఆమె గుర్తొచ్చి చెయ్యి దించేశాను. ఆఖరి మడతలో, ఎర్ర దారం కుట్టు ఉన్న చోట, ఒక వెన్నుముల్లు ఉంది. పొడుగ్గా, ఒక్క ముక్కగా, తలతో సహా.

ముల్లును వాగు ఒడ్డునే బండ పక్కన పెట్టాం. రిజిస్టరులో ఆయన పేరు కింద నా పేరు రాయమన్నాను. పాత పేజీ దిద్దకూడదన్నాడు. కొత్త పేజీలో రాయించి సంతకం పెట్టాను.

ఇంటికి తెచ్చిన వలని అత్తయ్య మంచినీళ్ళతో నాలుగుసార్లు కడిగి, పందిట్లో ఆయన కూర్చునే చోట ఆరేసింది. సందుల్లో మిగిలిన ముళ్ళు ఏరుతూ, తలెత్తకుండా అడిగింది.

"ఆ ముసలి చేప కనబడిందా?"

కింద పడిన ముల్లొకటి తీసి ఆమె ఒళ్ళో వేశాను.

"కనబడింది అత్తయ్యా."

"ఎంతుంది?"

చేతులు చాపి చూపించాను. శివరాత్రికి ఆయన చూపించిన దానికన్నా జానెడు ఎక్కువే. అత్తయ్య నా రెండు చేతుల మధ్య ఖాళీని చూసింది. తర్వాత నా ముఖం చూసింది. ఏరిన ముళ్ళు ఒళ్ళో ఉన్నాయి.

"అయితే ఆయన తగ్గించే చెప్పాడు," అంది.

మళ్ళీ పనిలో పడింది. నేను చేతులు దించడం మర్చిపోయి అలాగే నిలబడ్డాను. పందిరి గుంజకు వేలాడుతున్న వల తాడు చివర, ఎర్ర దారం చుట్టి చుట్టి గట్టిపడిన ఉచ్చు, ఇంకా ఆయన మణికట్టంత గుండ్రంగానే, సముద్రపు గాలికి ఊగుతోంది.