ఎవరి తరఫు పిన్ని?

కండక్టరమ్మ రిటైరైంది గానీ ఆమె గొంతు రిటైర్ కాలేదు. బస్సులో టిక్కెట్లు కొట్టీ కొట్టీ, "లోపలికి జరగండి, జరిగితే ప్రాణం పోదు" అని అరిచీ అరిచీ ఇంటికొచ్చిన మనిషి నెల రోజులు ఖాళీగా కూర్చునేసరికి మొగుడికి పట్టపగలే చుక్కలు కనిపించాయి. కూరలో ఉప్పు దగ్గర్నుంచి కుర్చీ ఎటు తిరిగి ఉండాలనే దాకా ఆయనకు రోజంతా ఆజ్ఞలే. పేటలో పిల్లల కోసం, వాళ్లను కన్నవాళ్ల కోసం పెట్టిన తోడు కేంద్రంలో మనుషులు కావాలని వినగానే ఆయనే దగ్గరుండి ఆమెను తీసుకెళ్లి అప్పజెప్పి వచ్చాడు. వస్తూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు!

ఆ కేంద్రం పెద్ద హంగున్నదేమీ కాదు. ఒక హాలు, ఓ మూల చిన్నపిల్లల బొమ్మలు, ఇంకో మూల కుర్రాళ్ల క్యారమ్ బోర్డు, మధ్యలో తల్లుల కబుర్లు. దాన్ని నడిపే మేడం వయసులో చిన్నది, మాటలో గట్టిది. పసిబిడ్డ ఉన్న ఇంటికి రోజూ కాసేపు మనిషిని పంపడం వాళ్లు చేసే పనుల్లో ఒకటి. సాయం అడిగిన ఇంటికే పంపుతారు. వెళ్లిన మనిషి బిడ్డను చూసుకుంటుంటే తల్లి నిద్రపోతుందో, తలంటుకుంటుందో, గోడకేసి చూస్తూ కూర్చుంటుందో ఆమె ఇష్టం.

"సలహాలు చెప్పకూడదు. ఇంటి విషయాలు కూపీ లాగకూడదు. అంతే," అంది మేడం.

"మరి నోరెందుకు?" అంది కండక్టరమ్మ.

"జోలపాట పాడ్డానికి."

సలహా నాలుక చివరికొచ్చినప్పుడల్లా ఒక పిప్పరమెంటు బిళ్ల నోట్లో వేసుకోవాలని కండక్టరమ్మ ఆ పూటే తీర్మానించుకుంది. డబ్బాడు కొనుక్కుంది కూడా.

మొదటి ఇల్లు మార్కెట్ వెనక అపార్ట్‌మెంట్లో, పై అంతస్తులో. ఆ భవనానికి ఇటొకటి, అటొకటి మెట్లు. ఎడమవైపు మెట్లెక్కమని మేడం చెప్పింది. ఈమె దగ్గరిదారని వెనక గేటులోంచి వచ్చింది కాబట్టి ఎడమ కాస్తా కుడి అయింది. ఊరందర్నీ సరైన స్టాపులో దింపిన మనిషి తన స్టాపు తప్పింది చూడండి! పైకెక్కేసరికి తలుపు వెనక పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఇక అనుమానం ఎందుకొస్తుంది? బెల్లు కొట్టింది.

తలుపు తీసిన కుర్రాడు చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"బిడ్డ దగ్గర కాసేపు కూర్చుందామని వచ్చాను బాబూ," అందామె.

అత్తగారు ఎవరినో పంపిందనుకున్నాడు అతను. పెళ్లిలో అత్తవారి తరఫున చూసిన ముఖాల్లో ఒక్కటీ గుర్తులేదు. మీరెవరండీ అని అడిగితే ఇంకేమైనా ఉందా? మావాళ్లంటే నీకు లెక్కలేదని భార్య ఏడాది పొడుగునా సాధించదూ? "రండి రండి పిన్నిగారూ!" అన్నాడు పళ్లన్నీ బయటపెట్టి.

లోపలి గదిలోంచి భార్య వింది. మొగుడు నోరారా పిన్నిగారూ అంటున్నాడంటే అతని తరఫు మనిషేనని తేల్చుకుంది. అడగడమా? పోయినసారి వాళ్ల పెద్దమ్మను పోల్చుకోలేదని అతను చేసిన రాద్ధాంతం చాలదూ! పోనీ మొగుడూ పెళ్లాలు తమలో తాము మాట్లాడుకున్నారా అంటే, బిడ్డ పుట్టినప్పట్నుంచీ వాళ్ల మధ్య నడిచే మాటలు "పాలు", "గుడ్డలు", "ఇప్పుడు నీ వంతు". అంతకు మించి మాట్లాడితే పోట్లాటే. కండక్టరమ్మ సంగతా? ఆమె అడగ్గూడదు కదా. పిప్పరమెంటు వేసుకుని బిడ్డను ఎత్తుకుంది.

ఆమెకు జోలపాటలు రావు. వచ్చిన పాట ఒక్కటే. బస్సు కుదుపులకు అలవాటుపడ్డ కాళ్లు ఎడంగా పెట్టి, అటూ ఇటూ ఊగుతూ, "మార్కెట్టూ... ఆస్పత్రీ... రైల్వే గేటూ... కాలేజీ..." అని స్టాపులన్నీ వరసగా సాగదీసింది. డిపో రాకుండానే బిడ్డ నిద్రపోయాడు. తల్లి కూడా నిద్రపోయింది. లేచాక, ఇంతసేపు పడుకున్నానా అని ఏడ్చింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో వింతలు మొదలయ్యాయి. పిన్నిగారి అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, కుర్రాడు పరుగున వెళ్లి గిన్నెలు తోమేవాడు. కబురు అత్తగారింటికి చేరాలని కాస్త చప్పుడు ఎక్కువే చేసేవాడు. భార్య కేకలు మానేసి "ఏమండీ, ఆ తువ్వాలు అందిస్తారా" అనడం నేర్చుకుంది. మొదటిసారి విన్నప్పుడు తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని అతను తిరిగి చూశాడు. అలవాటైపోయి, పిన్నిగారు లేనప్పుడు కూడా తువ్వాళ్లు అందడం మొదలైంది.

ఒకరోజు కుర్రాడు బజారుకెళ్లినప్పుడు, చిక్కు తీసుకుంటున్న దువ్వెన ఆపి ఆ పిల్ల అంది: "పిన్నిగారూ, వీడు ఏడుస్తుంటే ఒక్కోసారి తలుపు తీసుకుని ఎటైనా వెళ్లిపోవాలనిపిస్తుంది. మీరొస్తారు కదా అని సాయంత్రం దాకా లాక్కొస్తున్నా."

కండక్టరమ్మ రెండు బిళ్లలు ఒకేసారి వేసుకుంది. దువ్వెన తీసుకుని ఆ చిక్కంతా తనే తీసింది. ఈ ఇంటికి ఒక్కరోజు కూడా మానకూడదని గట్టిగా అనుకుంది.

మర్నాడే మేడం పిలిచింది. "మీరసలు ఆ ఇంటికి వెళ్లనేలేదట. పాప తల్లి ఇన్నాళ్లూ ఎదురుచూసి, ఇవాళ వచ్చి దుమ్ము దులిపి వెళ్లింది."

"పాపేంటి? బాబు!"

"పాపండీ."

"రోజూ గుడ్డలు మారుస్తున్నదాన్ని నాకు తెలీదా?"

ఇద్దరూ కలిసి బయల్దేరారు. ముందు గేటు దగ్గర నిలబడి మేడం ఎడమచేయి చాపింది. కండక్టరమ్మ చేయి కుడివైపు వెళ్లింది. అడగని ఇల్లన్నమాట! ఇప్పుడిక రానివ్వకపోతే ఆ పిల్ల గతేంటి?

ముందు అక్కడికే వెళ్లి మేడం జరిగింది చెప్పింది. మొగుడూ పెళ్లాం నోళ్లు వెళ్లబెట్టారు.

"ఈవిడ మీ పిన్ని కాదా?" అన్నాడతను.

"నా పిన్నా? నువ్వేగా పిన్నిగారూ అని ఎదురెళ్లావు!"

"ఈవిడ కోసమా నేను అన్ని గిన్నెలు తోమింది!"

"ఈవిడ కోసమా నేను నిన్ను ఏమండీ అంది!"

కండక్టరమ్మ తల వంచుకుంది. కుర్రాడి మొహం కందగడ్డలా అయింది. "మేం ఎవర్నీ అడగలేదండీ. మాకేం లోటని పరాయివాళ్లు వచ్చి చేసిపెట్టాలి?"

"అడగని ఇంటికి మేం రాం," అంది మేడం. "పొరపాటు మాదే, క్షమించండి. పదండమ్మా."

కండక్టరమ్మ కదల్లేదు. ఆ పిల్ల గోడకు ఆనుకుని, బిడ్డను గుండెకు అదుముకుని నిలబడి ఉంది. "అడుగు తల్లీ, ఒక్కమాట" అని చెబుదామని నాలుక దాకా వచ్చింది. అది సలహానే. పళ్లు బిగబట్టింది.

"నేను అడుగుతున్నా," అంది ఆ పిల్ల.

కుర్రాడు ఏదో అనబోయాడు.

"కాన్పప్పుడు ఆస్పత్రికి ఈ కేంద్రంవాళ్లొచ్చి మనిషిని పంపమంటారా అని అడిగితే, నీ పరువు పోతుందని వద్దన్నా. ఇప్పుడు అడుగుతున్నా. నాకు చేతకావట్లేదు. నాకు భయంగా ఉంది. ఈవిడ రాకపోతే నేను ఉండలేను."

కండక్టరమ్మకు కళ్లనీళ్లు ఆగలేదు. "పొద్దున ఆ పాపింటికి, సాయంత్రం ఇటు!" అంది మేడంతో, బస్సు మొత్తానికీ వినిపించే గొంతుతో.

మేడం తలూపి, కాయితం మీద తల్లి పేరు రాసుకుంటానంది.

"ఆమె ఒక్కదాని పేరే రాయకండి," అన్నాడు కుర్రాడు. "నేను ఆఫీసులో బాత్రూం గడియ పెట్టుకుని ఏడుస్తున్నానండీ. ఇద్దరికీ కావాలి."

భార్య అతనికేసి చూసింది. బిడ్డను కండక్టరమ్మ చేతిలో పెట్టి, వెళ్లి మొగుడి పక్కన నిలబడింది.