ఇక లే అనేదాకా

నా తోడికోడలు లైమౌరి ఈ దీవికి కోడలిగా వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్నవి ఒక మొగలి చాప, నోటినిండా కథలు. చాప ఎప్పుడో చిరిగిపోయింది. కథలు మాత్రం ఊరంతా పాకాయి. ఆమె పెద్ద కోడలు, నేను చిన్న కోడలిని, ఇద్దరికీ ఒకటే వంటపాక. ఒకే పొయ్యి పొగ పీలుస్తూ ఇద్దరు ఆడవాళ్ళు ముసలివాళ్ళయ్యారంటే వాళ్ళ మధ్య ఎన్ని మాటలు దొర్లి ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. ఆమె మీద నాకు కోపం ఉండేది. ఆమె పోయాక అది తగ్గలేదు, పెరిగింది. ఎందుకో చెప్పడానికే ఇదంతా.

మా ఊరికి సువార్త వచ్చి తాతల కాలమే దాటింది. చర్చి ఉంది, పుస్తకం ఉంది, పాస్టర్ తరిమస్ ఉన్నాడు. ఆయన చదవడం మొదలుపెడితే ముందు వరుసలో పెద్దలు కళ్ళు మూసుకునేవాళ్ళు. అది ప్రార్థన కాదని వాళ్ళ గురకే చెప్పేది. ఒక ఆదివారం చర్చి బయట, అందరూ వింటుండగా, లైమౌరి ఆయన్ని పట్టుకుంది.

“పాస్టరుగారూ, మీరు చదివితే ప్రభువు లేస్తున్నాడు గానీ మా పెద్దమనుషులు లేవట్లేదండీ.”

“ఏం చెయ్యమంటావమ్మా? మధ్యమధ్యలో గంట కొట్టమంటావా?”

“ఒక్కసారి ఆ కథ నా నోటికిచ్చి చూడండి. పాడైపోతే మళ్ళీ తీసుకెళ్ళి పుస్తకంలో పెట్టేసుకుందురు గాని.”

ఆయన మంచి మనిషి. నవ్వి సరేనన్నాడు.

ఆమె నోట్లో పడ్డాక ఆ కథ మాది అయిపోయింది. పసివాడు కొబ్బరి ఎండబెట్టే పాకలో పుట్టాడు, పుట్టగానే పొగకి కళ్ళు మండి ఏడ్చాడు. పేతురు మునగబోయింది మా మామగారు మునిగిపోయిన చోటే, పగడపు దిబ్బ తెగిన ఆ సుడి దగ్గరే. రెండు వంశాల మధ్య నెత్తురు పడితే మా దగ్గర కోరలు తిరిగిన పందిని తాడు కట్టి తెస్తారు, అది చచ్చాక పగ చస్తుంది. “ఈ పగ పందితో తీరేది కాదు. అందుకని తండ్రి సొంత కొడుకుకే తాడు కట్టి తీసుకొచ్చాడు” అని ఆమె గొంతు తగ్గించి చెప్పినప్పుడు, వెనకటి పగలు చూసిన ముసలివాళ్ళు తలలు దించుకున్నారు. నేనూ ఏడ్చాను. నన్ను ఏడిపించిందని మళ్ళీ ఆమె మీదే కోపం వచ్చింది.

మా దగ్గర ఊ కొట్టే మనిషి లేకుండా కథ చెప్పరు. ఎంతమంది విన్నా ఊ కొట్టేది ఒక్కరే. చెప్పేవాళ్ళు ఎంచుకున్న మనిషి ఎదురుగా చాప మీద కూర్చుంటాడు. ప్రతి మాటకీ ఊ అంటాడు. ఊ అంటేనే కథ కదులుతుంది. కథ అయ్యాక చెప్పినవాళ్ళు “ఇక లే” అనేదాకా అతను కథకి కట్టుబడ్డవాడే. మధ్యలో ఆగిన కథని మళ్ళీ ఆ ఇద్దరే ఎత్తుకోవాలి, వేరే గొంతు పనికిరాదు.

లైమౌరికి ఊ కొట్టేవాడు ఆమె ఒక్కగానొక్క కొడుకు కల్మెట్. వాడిది లోతైన గొంతు. వాడు ఊ అంటే చాప కింద నేల కూడా విన్నట్టుండేది. ప్రభువు లేచిన పండగ వారంలో, శుక్రవారం ఆయన సమాధికి రాయి మూసేదాకా చెప్పి ఆమె ఆపేసేది, ఆదివారం తెల్లవారుతూనే మిగతాది. ఆ మధ్య శనివారం ఊ కొట్టేవాడు నీళ్ళ మీదికి పోకూడదని మా కట్టుబాటు. ఆగిన కథ మనిషిని పట్టుకుని ఉంటుంది.

ఆ ఏడు పండక్కి పక్క దీవి నుంచి చుట్టాలు వస్తున్నారు. శనివారం పొద్దున మేం ఆకుల్లో చుట్టి కాల్చే లాప్‌లాప్ కోసం పెండలం కోరుతుంటే కల్మెట్ తెడ్డు భుజాన వేసుకుని వచ్చాడు.

“అమ్మా, దిబ్బ దాటి పోయొస్తా. చుట్టాలకి ఉత్త పెండలం పెడతామా?”

“ఒరేయ్, కథలో ఉన్నావురా నువ్వు” అన్నాను నేను.

లైమౌరి నావైపు చూసి నవ్వింది. “ఆ పట్టింపులన్నీ పాత కథలకే చెల్లీ. ఇది ప్రభువు కథ. ఆయన పట్టుకుంటే మంచికే పట్టుకుంటాడు. పోయి రా నాయనా, పొద్దుగూకేలోపల వచ్చెయ్.”

గాలి లేదు, వాన లేదు. వాడు రాలేదు. తెడ్డు ఒడ్డుకి కొట్టుకొచ్చింది గానీ పడవ దొరకలేదు, వాడూ దొరకలేదు. ఆదివారం పాస్టర్ తరిమస్ పుస్తకం నుంచే చదివాడు. అందరం హల్లెలూయా అన్నాం. లైమౌరి పెదవి కదపలేదు.

ఆ తర్వాత ప్రతి ఏడూ పాస్టరు ఆమె గడపకి వచ్చేవాడు, కథ ముగించమని. ఊ కొట్టేవాడేడని ఆమె అడిగేది. పుస్తకంలో ప్రభువు ప్రతి ఏడూ లేచాడు. మా నోటి కథలో మాత్రం లేవలేదు, సమాధి మీద రాయి అలాగే ఉండిపోయింది. దానికి తోడు చావు భోజనమూ ఆగిపోయింది. లే అనిపించుకోనివాడికి చావు భోజనం ఎలా పెడతారు? అది పెడితే గానీ వాడి పెళ్ళాం దొర్కా జుట్టు కత్తిరించకూడదు, సముద్రంలో కాలు పెట్టకూడదు, పుట్టింటికి పోకూడదు. జట కట్టిన జుట్టుతో ఆ పిల్ల అత్త వెనకే నీడలా తిరిగేది. వయసులో ఉన్న పిల్ల.

నేనొక సాయంత్రం వంటపాకలో ఆకుకూర తుంపుతున్నాను. లైమౌరి పొయ్యి ఎగదోస్తూ ఏదో చెబుతోంది. కథ కూడా కాదు, పొద్దున్న కోడి గంపెక్కి చేసిన అల్లరి. మాటకీ మాటకీ మధ్య కొంచెం ఆగుతోంది.

మొగలి పొదల అవతల, నీళ్ళ వైపు నుంచి, “ఊఁ” అని వినిపించింది.

నా చేతిలో ఆకులు జారిపోయాయి. ఆమె చేతిలో కట్టె కదల్లేదు. తర్వాతి మాట చెప్పింది. మళ్ళీ ఊఁ. అప్పుడు నేను ఆమె మొహం చూశాను. ఆ మొహంలో భయం లేదు. కొడుక్కి అన్నం పెట్టే తల్లి మొహం అది.

“ఎన్నాళ్ళనుంచి అక్కా?” అన్నాను.

“తెడ్డు దొరికిన రోజు నుంచి.”

“మరి పంపించెయ్యవా వాణ్ణి? రెండు మాటలు చెప్పి, లే అనెయ్యవా?”

“నీకేం, చెబుతావు. నీ కొడుకులు విలా పట్నంలో ఉన్నా ఫోన్ చేస్తారు. నాకు వీడి ఊఁ ఒక్కటే మిగిలింది. లే అంటే అదీ పోతుంది.”

అప్పుడు అర్థమైంది. ఊ కొట్టేవాడు లేక కథ ఆగలేదు. ఊ పోతుందని ఆమే ఆపింది. కొడుకుని దగ్గర ఉంచుకోవడానికి దేవుణ్ణే సమాధిలో కూర్చోబెట్టింది. ఆ రోజు నుంచి పొద్దుగూకితే నేను నీళ్ళ వైపు వెళ్ళడం మానేశాను. కానీ వంట చేస్తూ చెవులు మూసుకోలేం కదా. పాకలో ఆమె గొంతు, బయట వాడి గొంతు. మధ్యలో కూర్చుని నేను పెండలం తొక్క తీసేదాన్ని. ప్రార్థన చేద్దామంటే మాటలు వచ్చేవి కావు.

నేను విన్నది దొర్కా వినకుండా ఉంటుందా?

మళ్ళీ పండగ వారం వచ్చింది. శుక్రవారం సందెవేళ నేను ఎండిన చాపలు చుడుతున్నాను. దొర్కా ఇసక దాటి తిన్నగా నీళ్ళలోకి నడిచిపోతోంది. మోకాళ్ళు, నడుము. తల ఒక పక్కకి వంచి ఏదో వింటున్నట్టు పోతోంది. నేను అరిచాను. నా కంటే ముందు లైమౌరి పరుగెత్తింది. కొడుకు పోయాక సముద్రంలో అడుగు పెట్టని మనిషి, గుండెలోతు దిగి కోడలి జట పట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చింది.

“చస్తావే పిచ్చిదానా!”

“ఆయన ఊ అన్నాడత్తా” అంది దొర్కా. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. “నన్ను రమ్మంటున్నాడు.”

“నిన్ను కాదే. అది నాకు అనే ఊ.”

“అయితే ఆయన్నన్నా పోనీ, నన్నన్నా పోనీ. నువ్వు చచ్చినవాణ్ణీ కదలనివ్వవు, బతికినదాన్నీ కదలనివ్వవు. ఆ రాయి నువ్వే పట్టుకు కూర్చున్నావత్తా. నా మీద కూడా పెట్టావు.”

అత్తని ఎదిరించి ఒక్క మాట అనని పిల్ల. లైమౌరి చెయ్యి ఎత్తింది, కొడుతుందనుకున్నాను. ఆ చేత్తోనే కోడలి మొహం మీద ఉప్పునీళ్ళు తుడిచింది.

ఆదివారం తెల్లవారుతుండగా ఊరంతా ఒడ్డున సమాధుల దగ్గర చేరింది. పాస్టరు పుస్తకం తెరవబోతుంటే లైమౌరి వచ్చింది. చంకలో కల్మెట్ చాప. ఇసకలో పరిచి, ఎదురుగా కూర్చుంది. పాస్టరు పుస్తకం మూసేశాడు. తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు.

“రాయి మూసి ఉంది” అంది ఆమె, ఖాళీ చాపతో.

ఆగింది. అందరం ఆగాం.

“ఊఁ.”

దిబ్బ బొక్కల్లో అల దూరితే అలాంటి చప్పుడు వస్తుందని తర్వాత కొందరన్నారు. అననీయండి. నేను ఆ గొంతుకి చిన్నప్పుడు అన్నం పెట్టాను, నాకు తెలియదా?

ఆమె చెప్పుకుపోయింది. చీకటితో మరియ సమాధి దగ్గరికి వచ్చింది. రాయి పక్కకి దొర్లి ఉంది. లోపల ఎవరూ లేరు. ఏడుస్తూ వెనక్కి తిరిగితే పెండలం తోటలో కలుపు తీసేవాడు ఒకడు నిలబడి ఉన్నాడు. వాడు ఆమెని పేరు పెట్టి పిలిచాడు. పిలిస్తే గుర్తుపట్టింది, గుర్తుపట్టి పట్టుకుంది. ప్రతి మాటకీ నీళ్ళ వైపు నుంచి ఊఁ వస్తూనే ఉంది, రాను రాను చిన్నదవుతూ.

“ఆయన ఏమన్నాడంటే...” అని లైమౌరి ఆగిపోయింది. ఆ తర్వాతి మాట మా అందరికీ తెలుసు. ఇన్నేళ్ళూ ఆమె పారిపోయింది ఆ మాట నుంచే. “ఆయన అన్నాడు, నన్ను పట్టుకోకు. నేను తండ్రి దగ్గరికి పోవాలి. నన్ను పోనీ.”

“ఊఁ” అని, అంత దూరం నుంచి.

“కథ అయిపోయింది. కల్మెట్, ఇక లే నాయనా.”

ఏమీ వినిపించలేదు. సముద్రం సముద్రంలాగే ఉంది. దొర్కా వచ్చి చాప చుట్టింది. ఆ వారమే చావు భోజనం పెట్టాం. ఆ పిల్ల జుట్టు నేనే కత్తిరించాను. తర్వాతి పడవకి పుట్టింటికి వెళ్ళింది. పాస్టరు ఆ ఆదివారం ఏడ్చినంతగా ఎప్పుడూ ఏడవలేదు.

ఊరికి పీడ వదిలింది. లైమౌరికి మాత్రం వదల్లేదు. మాటకీ మాటకీ మధ్య ఆగే అలవాటు పోలేదు. పొయ్యి దగ్గర ఏదైనా అనేది, ఆగేది, నీళ్ళ వైపు తల తిప్పేది. మునుపు ఆ చప్పుడుకి భయపడ్డాను. ఇప్పుడు ఆ ఖాళీ అంతకంటే భయంగా ఉండేది. ఒక సాయంత్రం ఆమె పీత, కోడిపెట్ట కథ ఎత్తుకుంది. ఆగింది. నేను తట్టుకోలేక ఊఁ అన్నాను.

“నిన్ను అడిగానా? కప్ప గొంతూ నువ్వూ.”

“నాకేం సరదానా? ఆ చూపు చూడలేక అన్నాను.”

కాసేపు పుల్లతో బూడిద కెలికింది. “సరే, కూర్చో అయితే. అయ్యేదాకా లేవకూడదు, తెలుసుగా.”

అప్పటినుంచి సాయంత్రాలు అలాగే గడిచాయి. తిట్టుకుంటూనే ఆమె చెప్పేది, నేను ఊ కొట్టేదాన్ని, అయ్యాక “ఇక లే, పొయ్యి సంగతి చూడు” అనేది. మొన్న వానాకాలం మొదట్లో మళ్ళీ ఆ పీత కథే చెప్పింది. పీత కోడిపెట్టని వీపు మీద ఎక్కించుకుని నీళ్ళలోకి దిగింది. అక్కడ ఆగింది. మామూలుగా వదిలే ఖాళీయే కదా అనుకుని ఊఁ అన్నాను. ఇంకోసారి అన్నాను. మూడోసారి అంటూ మొహం చూశాను.

నా కోపం అందుకే. కొడుకుని ఎలా కూర్చోబెట్టిందో నన్నూ అలాగే, లే అనకుండా కూర్చోబెట్టి పోయింది. మిగతా కథ నాకూ తెలుసు, ఊళ్ళో పిల్లలకీ తెలుసు, కానీ చెప్పాల్సిన నోరు అది కాదు. పాస్టర్ తరిమస్ ముసలివాడయ్యాడు. నన్ను చూడటానికి వచ్చి, చివరి రోజున ప్రభువే అందరి పేరూ పెట్టి పిలిచి లే అంటాడులే అమ్మా అన్నాడు. అంటాడు, నమ్ముతాను. ఆ గొంతు వినడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

అందాకా పొద్దుగూకేసరికి నేను పొయ్యి దగ్గర కూర్చుంటాను. పీత ఇంకా నీళ్ళలోనే ఉంది. బయట మొగలి పొదల అవతల ఎవరో మాట మధ్యలో ఆగినట్టు ఉంటుంది. నేను ఊఁ అంటాను.